అసర్ లోపు లేపుతానన్న ఒట్టు

అదికాదు షేక్ గారూ, మీరు రెండూ ఒకటే అనేస్తున్నారు. ఆన్ అవడం వేరు, లేవడం వేరు. ఫ్యాను తిరిగింది. ఎర్ర లైటు వెలిగింది. నిన్న సాయంత్రం నమాజుకి పిలిచే అసర్ అజాన్‌కి ఇంకా మూడు గంటలుందనగానే తిరిగింది ఆ ఫ్యాను. కావాలంటే ఆ కంప్యూటర్ తెచ్చిన ఉస్తాజ్ జిర్యెస్‌ని పిలిపించి అడగండి, ఆయన నా దుకాణంలో కుర్చీలోనే ఉన్నాడు. మరి ఫ్యాను తిరిగితే మిషన్ నడిచినట్టా, నడవనట్టా? ఆ ఒక్క ముక్క మీరు తేల్చేస్తే మా ఆవిణ్ణి తీసుకుని ఇంటికి పోతాను.

నేను మీట నొక్కినప్పుడు తెర మీద బొమ్మ రాలేదు, నిజమే. ఒప్పుకుంటున్నాగా!

ఏంటీ, మొదట్నించీ చెప్పాలా? మీ ఫత్వా ఆఫీసు కాయితంలో రాసే ఉందిగా. సరే సరే. కోప్పడకండి.

నాయెఫ్ అండి. యూనివర్సిటీ వీధిలో, జిరాక్సు షాపుల వరసలో, నాలుగు మెట్లు దిగి లోపలికొస్తే నాదే దుకాణం. ఇరవై తొమ్మిదేళ్ళయింది పెట్టి. మన ఇర్బిద్‌లో కంప్యూటర్ చచ్చిందంటే నా దగ్గరికే మోసుకొస్తారు. వీధి వీధంతా నన్ను మఅల్లెం అంటుంది. మా నాన్ననీ అలాగే అనేవారు, ఆయన వడ్రంగి. చేతిలో పని ఉన్నవాణ్ణి అంటారు కానీ గోడకి డిగ్రీ తగిలించుకున్నవాణ్ణి అనరు కదా ఆ మాట. నాకు పిల్లల్లేరు, ఫలానావాడి నాన్న, అబూ ఫలానా అని పిలుద్దామన్నా వీల్లేదు. మఅల్లెం అన్నదే నా పేరు, నా ఆస్తి, అన్నీ.

మా ఆవిడ ఫద్వా. బయట బెంచీ మీద కూర్చుంది. తరవాత పిలుద్దురుగాని, ముందు నా మాట వినండి.

ఒట్టు మాటంటారా? అసలు ఒట్టు లేకుండా మా వీధిలో బేరం నడిస్తే కదా! ‘ఇది అసలు సరుకేనా’ అంటాడు కొనేవాడు. ‘తలాక్ ఒట్టు, అసలుదే’ అంటాం. టీ తాగకుండా మెట్టెక్కావంటే తలాక్ ఒట్టు. నా మాట అబద్ధమైతే నా పెళ్ళాం నాది కాదు అని ప్రతివాడూ అంటాడు, ఎవడి పెళ్ళాం ఎక్కడికీ పోదు. అవన్నీ నిజంగా తగిలితే ఫద్వాకీ నాకూ ఈపాటికి నాలుగొందల సార్లు అయిపోయుండాలి విడాకులు. మీరు నవ్వుతున్నారు చూశారా... నవ్వడం లేదా? సరే.

తెలుసండీ. అవి నోటి దురదలు, ఇది వేరు. ఎందుకంటే మాకు ఇంతకుముందే రెండు తలాక్‌లైపోయాయి. మొదటిది పెళ్ళైన నాలుగో ఏట. పిల్లలు పుట్టడం లేదని మా అమ్మ పొద్దస్తమానం నా చెవిలో ఊదేది. ఓ రోజు అనేశాను, మొహం మీదే. నెల తిరక్కుండా వెళ్ళి తెచ్చుకున్నా. రెండోది తొమ్మిదేళ్ళ కింద, వాళ్ళన్నయ్యతో మాటా మాటా పెరిగి. అప్పుడూ తెచ్చుకున్నా. కోర్టులో రాసే ఉంది రెండూ. మూడోది అయిందంటే ఇక తెచ్చుకోవడమన్నదే ఉండదు. నాకు చెప్పక్కర్లేదు షేక్ గారూ. నిన్న సాయంత్రం నించి మూడు అన్న ఆ ఒక్క అంకె తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

వస్తున్నా, మిషన్ దగ్గరికే వస్తున్నా.

ఉస్తాజ్ జిర్యెస్‌ది హుసన్ ఊరు. సైన్సు చెప్పి రిటైరయ్యాడు, అందుకే ఉస్తాజ్ అంటాం. వాళ్ళ చర్చిలో పాత రిజిస్టర్లున్నాయట, ఎవరెప్పుడు పుట్టారు, ఎవరెవర్ని చేసుకున్నారు అని. అవన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు పాపం. మిషన్ నత్తలా ఉందన్నాడు. బోర్డు అదే ఉంచు, ప్రాసెసర్ మారిస్తే చాలు, గుర్రంలా పరిగెడుతుంది అని నేనే చెప్పా. కొత్తది నేనే తెప్పించా. నిన్న పదకొండింటికి వచ్చాడు, మిషన్ బల్ల మీద పెట్టి, పేపరు తీసుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఒకటుంది, మీకు అర్థమయ్యేట్టు చెప్తా. కొత్త తరం ప్రాసెసర్ని పాత బోర్డు గుర్తుపట్టదు. బోర్డు లోపల దానికో సొంత ప్రోగ్రాం ఉంటుంది, బయోస్ అంటాం. పాత ప్రాసెసర్ ఇంకా దాంట్లో ఉండగానే ఆ ప్రోగ్రాం మార్చాలి. ఆ తరవాతే పాతది తీసి కొత్తది పెట్టాలి. ఇంట్లో ముసలాయనకి కొత్తకోడలు వస్తుందని పాత కోడలు ముందే చెప్పి ఉంచాలి కదా? లేకపోతే ఆయన తలుపు తియ్యడు. అంతే సంగతి.

ఇది మొన్న షట్టరెత్తినవాడికి కూడా తెలుసు. నేను మర్చిపోయా.

అవును, నేనే. మర్చిపోయా! ఎందుకు మర్చిపోయానంటే ఏం చెప్పమంటారు? బుర్రంతా ఇంకో దాని మీద ఉంది. ప్రాసెసర్ మీదుండే ఆ అల్యూమినియం దిమ్మ ఉంటుంది చూశారా, వేడి లాగేది, దాని కింద రాసిన పేస్టు ఎండి రాయైపోయింది. మెల్లిగా అటూ ఇటూ తిప్పి తీయాలి దాన్ని. నా చేతికి రాలేదు ఆ నిదానం. లాగాను. పన్ను పీకినట్టు దిమ్మతో పాటు ప్రాసెసరూ ఊడొచ్చింది.

దాని కింద వెయ్యికి పైన పిన్నులుంటాయి షేక్ గారూ, వెంట్రుకంత సన్నం. ఓ మూల అన్నీ పడుకున్నాయి. బ్లేడు పెట్టి ఒక్కోటీ నిలబెట్టడం మొదలెట్టా. ఇలాంటివి నా వయసంతా చేశాను, కబుర్లు చెప్తూ చేసేవాణ్ణి. నిన్న మూడోది నిలబెడుతుంటే విరిగింది. ఆ పక్కది కూడా విరిగింది. జిర్యెస్ పేపర్లోంచి తలెత్తకముందే ఆ ప్రాసెసర్ని సొరుగులో పడేసి, కొత్తది పెట్టి, బిగించి, మీట నొక్కాను.

ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. తెర నల్లగా ఉంది.

ఎప్పుడు తెలిసిందంటారా? అప్పుడే. ఆ క్షణమే తెలిసిపోయింది ఏం చేశానో. కానీ కస్టమరు ఎదురుగా కూర్చుంటే చేతులు కట్టుకుని నిలబడతామా? ర్యామ్ తీశాను, రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. ఒకటి తీసి ఒకదాంతో చూశాను. బిళ్ళ బ్యాటరీ పీకాను, పెట్టాను. వేరే సప్లై తగిలించా. కేబులు మార్చా. బోర్డు మొత్తం డబ్బాలోంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పరిచా. గంటన్నర సేపు నాటకమాడాను షేక్ గారూ, ఒక్క సైన్సు మాస్టారు కోసం. లోపల్లోపల మాత్రం నాకు ఒకటే తిరుగుతుంది. ప్రోగ్రాం ఎక్కనిదే కొత్తది లేవదు. పాతది లేనిదే ప్రోగ్రాం ఎక్కదు. పాతది సొరుగులో శవమై ఉంది. కొన్ని బోర్డులకి వెనకాల ఒక బొత్తాం ఉంటుంది, ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్ గుచ్చి ఎక్కించొచ్చు. ఇది చవక బోర్డు. దీనికి లేదు. వెతికానండీ, ఉండదని తెలిసి కూడా వెతికాను.

అప్పుడాయన పేపరు మడిచి, మంచిగానే అన్నాడు: “మఅల్లెం, అవకపోతే చెప్పు, తప్పేముంది? అమ్మాన్ తీసుకుపోతాను.”

అమ్మాన్! నా దుకాణంలో కూర్చుని, నా టీ తాగుతూ, అమ్మాన్!

“ఉస్తాజ్, అసర్ అజాన్ లోపు దీన్ని లేపుతా, తలాక్ ఒట్టు!” అన్నాను.

“ఛ, ఆ మాటెందుకయ్యా మధ్యలో,” అన్నాడాయన. ఆయనకున్న బుద్ధి నాకు లేదు.

ఇది మొదటి ఒట్టు. రాసుకున్నారా?

ఆ తరవాతే ఫద్వా వచ్చింది. రోజూ ఒంటిగంట దాటాక వస్తుంది, అన్నం పట్టుకుని. నిన్న పప్పూ బియ్యం కలిపి ముజద్దర చేసింది, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి, పెరుగు వేరే డబ్బాలో. గిన్నె బల్ల మీద పెట్టింది, బోర్డుకేసి చూసింది, సొరుగుకేసి చూసింది. సొరుగు సరిగ్గా మూయలేదు నేను.

“పాతది ఉండగానే ప్రోగ్రాం ఎక్కించలేదా?” అంది. మెల్లిగానే అంది పాపం, నా చెవి దగ్గరికొచ్చి.

ఆవిడకెలా తెలుసంటే ఎలా తెలీదు? ఇంట్లో యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైపు చేస్తుంది. మిషన్ తనే విప్పుకుంటుంది, తనే బిగించుకుంటుంది. ఆ మిషన్లో ఉన్నది కూడా సరిగ్గా ఇదే పాత రకం ప్రాసెసర్.

“నాది పట్టుకొస్తా,” అంది. “పది నిమిషాలు పోయి రావడం. దాంతో ప్రోగ్రాం ఎక్కించేసి నాది నేను తీసుకుపోతా.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“నీ దాంట్లో పిల్లల థీసిస్‌లున్నాయి.”

“థీసిస్‌లు ప్రాసెసర్లో ఉంటాయా, డిస్కులో ఉంటాయా? ఎవరికి చెప్తున్నావ్ నువ్వు?” అంది.

జిర్యెస్ నవ్వాడు. చెడ్డగా కాదు, ఊరికే నవ్వొచ్చి నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఆడదానివి, గిన్నె పెట్టి ఇంటికి పో అన్నాను. అప్పుడు ఆవిడ ఇంకో మాట అంది. ఏ మాటన్నది తరవాత చెప్తా. ఆ మాట పూర్తవకముందే నా నోట్లోంచి రెండోది ఊడిపడింది: “తలాక్ ఒట్టు, నా చేత్తో నీ ప్రాసెసర్ ఈ మిషన్లో పెట్టను!”

నా చేత్తో అన్నానా అనలేదా... అన్నాననే అంటున్నారు ఇద్దరూ. జిర్యెస్ విన్నానన్నాడు. ఫద్వా విన్నానంది. నాకే గుర్తులేదు. నీ ప్రాసెసర్ ఈ మిషన్లోకి ఎక్కదు అని అన్నట్టుంది నాకు. మరి ఇద్దరు విన్నామంటుంటే నేనెవణ్ణి కాదనడానికి? జిర్యెస్ అయితే పొద్దున ఫోన్ చేసి, “షేక్ దగ్గరికి నన్నూ రమ్మంటే వస్తానయ్యా, నీకు ఎలా పనికొస్తే అలా విన్నాను నేను,” అన్నాడు. క్రైస్తవుడు, పెద్దమనిషి. ఆయనకెందుకు నా ఇంటి గొడవ? ఆ మనిషి గొంతు విని ఏడుపొచ్చింది నాకు.

అదిగో, ఆ రెండో ఒట్టు వేసేశాను. ఆ తరవాత లెక్క తట్టింది. అసర్ లోపు లేపుతానని ఒకటి. లేపే వస్తువు ముట్టుకోనని ఒకటి. దాన్ని పెడితే ఈ ఒట్టు పోతుంది, పెట్టకపోతే ఆ ఒట్టు పోతుంది. ఎటు పోయినా పోయేది ఫద్వానే. నా నోటితో నేనే తాళం వేసుకుని తాళంచెవి మింగేశాను షేక్ గారూ. జిర్యెస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఇప్పుడేం చేస్తావ్ మఅల్లెం?” అన్నాడు. ఫద్వా సంచీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నేనూ వెళ్ళాను, వీధి మీద పడ్డాను. ఈ కొస నించి ఆ కొసకి, ఎండలో, టోపీ కూడా లేకుండా, ‘ఆ పాత రకం ఒక్కటుంటే ఇవ్వండ్రా, అరగంటలో తెచ్చిస్తా’ అని. ఎవడి దగ్గరా లేదు. అది ఎప్పుడో ఆగిపోయింది మఅల్లెం, అమ్మాన్‌కి చెప్తే శనివారం వస్తుంది అంటాడొకడు. రా, టీ తాగు, తలాక్ ఒట్టు తాగకపోతే, అంటాడింకొకడు. నా పరిస్థితి చూడండి! మసీదు పక్కన రాతెబ్ అని ఒకడున్నాడు, వాడి దగ్గర బోర్డు మీదే క్లిప్పు పెట్టి ప్రోగ్రాం ఎక్కించే మిషన్ ఉంది. అదుంటే ఏ ప్రాసెసరూ అక్కర్లేదు. పరిగెత్తుకుంటూ పోయా. షట్టరు దించుంది. బావమరిదికి పిల్లనడగడానికి పెద్దమనుషుల్ని వెంటేసుకుని అజ్లూన్ వెళ్ళాడట. ఆ పెద్దమనుషుల్లో నన్నూ రమ్మన్నాడు వాడు. పనుందని నేనే పోలేదు.

తిరిగొచ్చేసరికి అజాన్‌కి ఇరవై నిమిషాలుంది.

ఫద్వా నా కుర్చీలో కూర్చునుంది. మందుబిళ్ళల డబ్బాలో దూది పరిచి, దాంట్లో తన ప్రాసెసర్ పెట్టి తెచ్చింది. నాకేసి చూడనైనా చూడలేదు. “నువ్వు ముట్టుకోకు, స్టూలు మీద కూర్చో,” అంది. కూర్చున్నాను. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మాస్టారి ముందు తప్పు చేసినవాడిలా కూర్చున్నాను.

ఆవిడ కొత్తది తీసింది. తనది పెట్టింది. పెట్టడం కూడా కాదు, వదిలిందంతే, దానంతటది కూర్చుంది గూట్లో. పేస్టు రాసింది, దిమ్మ బిగించింది, నాలుగు మరలు ఎదురెదురుగా, ఒక్కోటీ కొంచెం కొంచెం. ఇలాగే బిగించమని నేనే నేర్పాను ఒకప్పుడు. మీట నొక్కింది.

బొమ్మొచ్చింది! అజాన్‌కి పదకొండు నిమిషాల ముందు. జిర్యెస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పెన్‌డ్రైవ్ గుచ్చింది, ప్రోగ్రాం ఎక్కడం మొదలైంది. ఒక గీత ఉంటుంది, ఎడమ నించి కుడికి పాకుతుంది. అది పాకుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, మిషన్ని ముట్టుకోకూడదు. ఆపితే బోర్డు పోయినట్టే. సగం దాటి ఇంకాస్త పోయింది, మసీదులో అల్లాహు అక్బర్ అన్నారు.

ముగ్గురం అలాగే నిలబడిపోయాం. అజాన్ నడుస్తుంది, గీత నడుస్తుంది. నేను ఆపలేను, తోయలేను. అజాన్ అయిపోయింది. గీత ఇంకా పాకుతూనే ఉంది.

ఆ తరవాత తనది తీసి డబ్బాలో పెట్టుకుని కొత్తది పెట్టింది. కొత్తది మొదటిసారి లేచేటప్పుడు తీరిగ్గా లేస్తుంది. ఒక నిమిషం నల్లగా ఉండి, ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, బొమ్మొచ్చింది. గుర్రంలా పరిగెడుతుంది ఇప్పుడు. జిర్యెస్ చప్పట్లు కొట్టాడు. మాలో ఎవరం నవ్వలేదని చూసి ఆపేశాడు.

అందుకే అడుగుతున్నా. నేనన్నది దీన్ని లేపుతా అని. దీన్ని అంటే మిషన్ని. మిషన్ అజాన్ ముందే లేచింది కదా? ఏ ప్రాసెసర్‌తో అని ఒట్టులో లేదు. రెండోది నా చేత్తో పెట్టను అని. నేను పెట్టలేదు, ఆవిడ పెట్టింది. రెండూ నిలబడ్డాయి కదా?

...ఆఁ. అదే. మీరు అక్కడే పట్టుకుంటారని తెలుసు. లేపుతా అన్నది నేను, లేపింది ఆవిడ. ఆవిడ చెయ్యి నా చెయ్యి కిందే లెక్క అంటే మొదటి ఒట్టు నిలబడుతుంది, రెండోది పోతుంది. ఆవిడ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు అంటే రెండోది నిలబడుతుంది, మొదటిది పోతుంది. నిన్నట్నించీ ఇదే తిప్పుతున్నా షేక్ గారూ. ఏ వైపు నించి చూసినా బయటికి దారి లేదు.

ఆవిడ చెయ్యి నాదా, కాదా?

చెప్తాను. దాచి ఏం లాభం, మీరు చూస్తూనే ఉన్నారు. ఇందాక మీరిచ్చిన నీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో ఎందుకు పట్టుకున్నానో మీకర్థమయ్యే ఉంటుంది. ఈ వణుకు మొదలై ఏడాదిన్నరయింది. మొదట కుడిచేతి బొటనవేలు, తరవాత మణికట్టు దాకా. డాక్టరు ఏదో పేరు చెప్పాడు, నేను గుర్తుపెట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఫరవాలేదు. సన్నపని అయితే ఇక అంతే. వీధిలో ఎవరికీ తెలీదు. కష్టమైనవి సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతా. అన్నాలయ్యాక ఫద్వా చేస్తుంది, వంటింటి బల్ల మీద, దీపం దగ్గరగా లాక్కుని. పొద్దున్నే నేను తెచ్చి ఇస్తా. ‘నీ చేతికి దండం పెట్టాలి మఅల్లెం’ అంటారు. నేను తలూపుతా. ఒక్కరోజు కూడా ఆవిడ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఒక్కరోజు కూడా.

నిన్న విప్పింది. అదే ఆ మాట. ఆడదానివి ఇంటికి పో అన్నానా? అప్పుడంది, జిర్యెస్ వింటుండగా: “చెయ్యి ఎప్పుడో పోయింది నీది. ఏడాదిగా నీ పని చేస్తున్నదెవరో చెప్పు ఆయనకి!”

అంది. తప్పు నాదే, అనిపించుకున్నాను. కానీ అంది.

వింటున్నాను. మీ ప్రశ్న నాకు ఇందాకే అర్థమైంది. ఫ్యాను సంగతి మీకక్కర్లేదు, అజాన్ సంగతి మీకక్కర్లేదు. గట్టిగా చెప్పడానికి అలవాటుగా ఊరికే అన్నావా, లేక నిజంగా వదిలేద్దామనే అన్నావా. అంతేగా? మొదటి ఒట్టు అలవాటే, దాని గురించి ఎక్కడైనా నిలబడి చెప్తాను. అలవాటే అయితే ఒట్టు తప్పినందుకు పదిమంది పేదలకి అన్నం పెట్టి ఇంటికి పో అంటారు. అంత చిన్న సంగతి. కోపంలో ఒళ్ళు తెలీకుండా అన్నానంటే అదీ ఒక దారే. దారులన్నీ మీరే చూపిస్తున్నారు, పుణ్యముంటుంది మీకు.

ఫద్వా కూడా అదే అంది పొద్దున. నా చొక్కా ఇస్త్రీ చేసి గుమ్మం దగ్గర తగిలించింది, చేతికివ్వలేదు. “షేక్ అడిగితే ఊరికే అన్నానని చెప్పు. అయిపోతుంది,” అంది. తల మీద ముసుగు ఉంది. ఇంట్లోనండీ, మా ఇంట్లో! ఇరవై ఆరేళ్ళు నా ముందు తడిజుట్టుతో తిరిగిన మనిషి, నిన్న సాయంత్రం నించి నన్ను చూస్తే ముసుగు లాక్కుంటుంది. కరెంటు బిల్లు కోసం వచ్చినవాడి ముందు లాక్కున్నట్టు. అదే చట్టం అంటుంది, తేలేదాకా పరాయివాడివే కదా అంటుంది.

“ఊరికే అన్నావు కదూ?” అని అడిగింది, మెట్లు దిగుతూ. వెనక్కి తిరక్కుండానే అడిగింది. నేను టాక్సీని పిలిచాను.

ఇక్కడ ఊరికే అన్నానంటే మీరు రాసేస్తారు. కాయితం మీద ముద్ర వేసి ఇస్తారు. మీ ముద్ర చూసి ఆవిడ ఇవాళ మధ్యాహ్నమే ముసుగు తీసేస్తుంది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. రేపూ తినాలి, ఎల్లుండీ తినాలి. దుకాణంలో వెయ్యి అబద్ధపు ఒట్లు వేశాను షేక్ గారూ, ఒక్కటీ గొంతులో అడ్డం పడలేదు. ఇది దిగడం లేదు.

ఆ తలుపు కాస్త వేయిస్తారా? బెంచీ దగ్గరికి వినపడుతుంది.

ఒళ్ళు తెలుసు నాకు. బాగా తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చేసరికి మిషన్ లేదు, జిర్యెస్ లేడు, అసర్ లేదు. నా చేతులకేసి చూసిన ఆవిడ మొహం ఒక్కటే ఉంది ఎదురుగా. ఈ మొహం నాకింక వద్దు, ఎటైనా పోనీ అనుకున్నాను. అనుకునే అన్నాను. ఆ మాట అన్నంతసేపే. అది అయిపోగానే కాళ్ళ మీద పడదామనిపించింది. కానీ అన్నంతసేపూ ఉంది షేక్ గారూ. నిజంగానే ఉంది.

రాసుకోండి, ఏడాదిగా ఆవిడ చెయ్యే నా చెయ్యి, ఇది మూడోదే. బయటికెళ్ళి ఆవిడకి మీరు చెప్తారా, నన్నే చెప్పమంటారా?